పక్క సీటు సంబంధం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే అర్హత నాకింకా రాలేదని మా ఇంట్లో ఒక అభిప్రాయం ఉంది. జుట్టు నల్లగానే ఉంది (చాలావరకు), మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు (రెండో అంతస్తు దాకా). కానీ ఏ రోజులైనా గడిచిపోయాక ఆ రోజులే కదా. ఆ రోజుల్లో నేను ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టులు అమ్మే ఒక డీలరు దగ్గర, ఇంజనీరింగ్ చదివినవాడు చెయ్యదగిన ఉద్యోగం చేస్తుండేవాణ్ణి. అంటే ఇంజనీరింగుతో ఏ సంబంధమూ లేనిది. భవానీపురంలో మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. నాకు పెళ్ళి చేసే బాధ్యతని అత్తయ్య మా అమ్మానాన్నల నుంచి ఎవరూ అడగకుండానే స్వాధీనం చేసుకుంది. అప్పటికే కొన్ని సంబంధాలు వచ్చి వెళ్ళిపోయాయి. ఒకరికి నేను మరీ పొడుగు, ఒకరికి ఆటోనగర్ మరీ దూరం, ఒకరైతే కారణం కూడా చెప్పలేదు; నాకు అన్నిటికంటే అదే గుచ్చుకుంది. ఈసారి వచ్చింది మంగళగిరి సంబంధం. ఈ అమ్మాయి ఫోటో చూసినప్పుడు మాత్రం నాలో ఎప్పుడూ కలగని ఒక ఇబ్బంది కలిగింది. ఫోటోలో ఆ అమ్మాయి పక్కకి తిరిగి ఎవర్నో చూసి నవ్వు ఆపుకుంటోంది. ముఖం సగమే కనిపిస్తోంది. ఆ మిగతా సగం చూడకుండా ఇంకెవరినీ చేసుకోలేనని నాకు అర్థమైపోయింది. ఈ మాట అత్తయ్యకి చెప్పలేదు. చెబితే ఏర్పాట్లు మరీ గట్టిగా చేస్తుందని భయం.

పెళ్ళిచూపులు అనే మాట మా వాళ్ళలో అప్పటికే కాస్త మోటైపోయింది. దాని బదులు 'అనుకోకుండా కలవడం' అనే పద్ధతి వచ్చింది. రెండు వైపుల వాళ్ళూ మాట్లాడుకుని, రోజు, చోటు, వేళ ఖాయం చేసుకుని, తర్వాత అనుకోకుండా కలుస్తారు. దీనికి వారం రోజుల కసరత్తు కావాలి. ఇందులో ఉన్న నియమం ఒక్కటే: చివరిదాకా ఎవరూ ఎవరికీ తెలియనట్టే ఉండాలి. నచ్చితే వెళ్ళిపోయేటప్పుడు మెట్ల దగ్గర పెద్దవాళ్ళు "అరె, మీరా" అనుకుంటారు. నచ్చకపోతే ఎవరి దారిన వాళ్ళు ఇంటికి పోతారు. ఫలానా వాళ్ళమ్మాయిని చూసి వద్దన్నారట అనే మాట పుట్టదు. నన్నడిగితే మంచి పద్ధతే. దాన్ని అమలు చెయ్యడానికి నాలాంటివాణ్ణి పెట్టుకోకూడదు, అంతే.

మామూలుగా ఇలాంటివి కొండ మీద అమ్మవారి గుళ్ళోనో, ఏదో షాపింగ్ మాల్లోనో జరుగుతాయి. రెండు చోట్లా తెలిసినవాళ్ళు తగులుతారని అత్తయ్య కొట్టేసింది. ఆలోచించి ఆలోచించి, మన వాళ్ళెవరూ చచ్చినా చూడని సినిమాకి వెళ్దాం అంది. ఆ వారం ఊళ్ళో అలాంటిది ఒకటుంది. ఇనుప కవచం తొడుక్కుని చీకట్లో తిరిగే ఒక మహావీరుడి కథ, అందులోనూ రెండో భాగం, తెలుగులోకి డబ్బింగ్ చేసింది. మొదటి భాగం నేను చూడలేదు. అత్తయ్య చూడలేదు. దాని వల్ల ఏ నష్టమూ లేదని, మనం వెళ్ళేది సినిమాకి కాదని అత్తయ్య చెప్పింది.

ఏర్పాటు ఇదీ. మ్యాట్నీ ఆట. ముందు వరసలో అమ్మాయి, వాళ్ళ నాన్నగారు, బామ్మగారు. సరిగ్గా వాళ్ళ వెనక నేను. అత్తయ్య నడవా అవతల, అందరూ కనిపించేలా. నేను ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకోవాలి. అస్తమానం ఫోన్ చూసుకునే కుర్రాళ్ళంటే ఆ నాన్నగారికి పడదట. వాళ్ళింట్లో బామ్మగారి మాటే చివరి మాటట, కాబట్టి ఆవిడ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. అత్తయ్య దగ్గితే నేను నిటారుగా కూర్చోవాలి. నాకున్న లోపాల్లో గూని ముఖ్యమైనదని అత్తయ్య అభిప్రాయం.

మే నెల మధ్యాహ్నం. బెజవాడలో ఆ నెలలో సినిమా అంటే ఏసీకి ఇంకో పేరు. నేను వెళ్ళేసరికి హాలు సగం కూడా నిండలేదు. నా ముందు వరసలోకి అనుకున్నట్టే ఒక కుటుంబం వచ్చి కూర్చుంది. గుబురు మీసాలతో ఒక నాన్నగారు, తెల్లని ముడితో ఒక బామ్మగారు, మల్లెపూలు పెట్టుకున్న పొడుగాటి జడ. లెక్క సరిపోయింది. నా గుండె నా చొక్కా గుండీలతో గొడవ మొదలుపెట్టింది.

వాళ్ళు వీళ్ళు కాదని మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను. నాతో పాటు మిమ్మల్ని కూడా ఆ చీకట్లో అంతసేపు కూర్చోబెట్టడం న్యాయం కాదు. పక్క తెరలో ఆడుతున్న కుటుంబ కథా చిత్రానికి టికెట్లు దొరక్క, ఎండకి తిరిగి వెళ్ళలేక ఈ సినిమాకొచ్చిన మంచివాళ్ళు వాళ్ళు. మన హాళ్ళలో టికెట్ మీద ఏ నెంబరున్నా, ఖాళీగా ఉంది కదా అని బామ్మగారికి వీలైన చోట కూర్చోవడం అందరం చేసేదే, వాళ్ళూ చేశారు. అసలు వాళ్ళు, అంటే మంగళగిరి వాళ్ళు, ట్రాఫిక్‌లో చిక్కుకుని దీపాలారిపోయాక వచ్చారు. ఎండ దెబ్బకి వాళ్ళ బామ్మగారు ఇంట్లోనే ఉండిపోయారు. తమ సీట్లలో ఎవరో కూర్చున్నారు. లేవమంటే గొడవ, గొడవైతే అందరి కళ్ళూ తమ మీదే, అప్పుడిక అనుకోకుండా కలిసేదేముంది. అందుకని ఆ నాన్నగారు చప్పుడు చెయ్యకుండా కూతురితో సహా వెనక వరసలోకి వచ్చి, నా పక్క సీట్లో కూర్చున్నారు. నా పక్కన ఆయన, ఆయన పక్కన అమ్మాయి. నా సీటు నెంబరు వాళ్ళకి తెలుసు, నా ఫోటో చూశారు. అంటే నేనెవరో వాళ్ళకి తెలుసు. వాళ్ళెవరో నాకు తెలియదు. చేతులు పెట్టుకునే పట్టీ మీదకి ఆయన మోచెయ్యి వస్తే, నేను ఒకసారి గట్టిగానే నెట్టాను.

సినిమా మొదలైంది. మొదలైందని శబ్దాన్ని బట్టి తెలిసింది, ఎందుకంటే తెర మీద నలుపు తప్ప ఏమీ లేదు. నల్లటి ఊరు, నల్లటి వాన, నల్లటి కవచం, అందులోంచి ఒక గొంతు తాను చీకటికి బాకీ ఉన్నానని చెబుతోంది. కాసేపు చూశాక బామ్మగారు వెనక్కి తిరిగి నన్నడిగారు.

"నాయనా, ఆ ఊళ్ళో కరెంటు లేదా?"

చివరి మాట చెప్పే బామ్మగారు తనంత తానే నాతో మాట్లాడారు. నేను ముందుకి వంగి, "పోయిందండీ బామ్మగారూ. విలన్ తీసేశాడు" అన్నాను. నాకేమీ తెలియదు. కానీ తెలియదని చెబితే మరో సంబంధం పోతుందేమోనని, తెలిసినట్టే చెప్పాను. ఆ వెంటనే నడవా అవతల అత్తయ్య దగ్గింది. నేను నిటారుగా కూర్చున్నాను.

ఇక అక్కణ్ణుంచి బామ్మగారు అడగడం, నేను చెప్పడం. ఆ ముసుగువాడు మంచివాడా చెడ్డవాడా అన్నారు. మంచివాడేనండీ అన్నాను. అన్న మరుక్షణమే వాడు ఒక వంతెనను పేల్చేశాడు. పాత వంతెనండీ, కొత్తది కడతారు అని సర్దాను. ఆ గడ్డమాయన ఎవరన్నారు. వాళ్ళ మేనమామ అన్నాను. తర్వాతి సీన్లో ఆ మేనమామని ఈ మంచివాడే భవనం మీద నుంచి తోసేశాడు. బామ్మగారు నా వైపు తిరిగారు. ఆస్తి గొడవలండీ అన్నాను. ఆవిడ బాగా అర్థమైనట్టు తలూపారు. మీసాలాయన కూడా ఒకటి రెండుసార్లు తల తిప్పి చూశారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను. బామ్మగారికి నీళ్ళ సీసా మూత రాకపోతే వంగి తీసిచ్చాను, చేతిరుమాలు కింద పడితే అందించాను, ఏసీ గాలి తగులుతోందంటే సీటు మార్చుకోమన్నాను. మధ్యమధ్యలో, నియమం ప్రకారం ఎవరికీ తెలియకుండా, ఆ జడ వైపు చూసుకున్నాను. ఫోటోలో మిగతా సగం ముఖం ఆ జడకి అవతల ఉందని నా నమ్మకం. అత్తయ్య దగ్గుతూనే ఉంది. ఆవిడ దగ్గిన కొద్దీ నేను నిక్కబొడుచుకుంటూ, ఇంటర్వెల్ వేళకి కరెంటు స్తంభంలా తయారయ్యాను.

పక్క సీటాయన ఒక్కసారే మాట్లాడారు. నా చెవి దగ్గరికి వంగి, నెమ్మదిగా, "మీ బంధువులా బాబూ?" అన్నారు. ఆయనకేం పట్టిందని చిరాకేసింది. అయినా నియమం నియమమే. "కాదండీ. ఎవరో నాకు అసలు తెలియదు" అన్నాను. నేను నా జీవితంలో అంత శ్రద్ధగా చెప్పిన అబద్ధం ఇంకోటి లేదు. అది అక్షరాలా నిజమని నాకప్పుడు తెలియదు.

ఇంటర్వెల్లో పాప్‌కార్న్ కౌంటర్ దగ్గర మీసాలాయన నా పక్కకి వచ్చి నిలబడ్డారు. ఇదే అసలు ఘట్టమని నా వెన్ను చెప్పింది. పేరు అడిగారు, చెప్పాను. ఏం చేస్తుంటావన్నారు, ఆటోనగర్ అన్నాను. ఎవరబ్బాయివన్నారు, మూడు తరాలు చెప్పాను. దురలవాట్లు ఏమీ లేవండీ అని, ఆయన అడక్కుండానే చేర్చాను. ఆయన మీసం కొద్దిగా కదిలింది. అప్పుడే అత్తయ్య మా పక్కనుంచి నడిచి వెళ్తూ, ఎవరితోనూ కాకుండా గోడతో, "కొంతమందికి పక్కన ఎవరున్నారో కూడా తెలియదు" అని వెళ్ళిపోయింది. పక్కనున్న పెద్దమనిషికి మర్యాద చెయ్యమంటోందని అర్థం చేసుకుని, ఆయన చేతిలోని కూల్‌డ్రింకులు నేను అందుకోబోయాను. ఆయన ఇవ్వలేదు.

"మా అమ్మాయి నీకు తెలుసా?" అన్నారు.

"లేదండీ. ఇవాళే చూడటం" అన్నాను, ఎంత సిగ్గు పడాలో అంతా పడి.

"అయితే ఇంతటితో ఆపెయ్" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

కాస్త కట్టుదిట్టమైన కుటుంబం అనుకున్నాను. అయినా కారణం చెప్పని ఆ పాత సంబంధం గుర్తొచ్చింది. ఇదీ పోయిందా, పోతే ఎక్కడ పోయింది, ఆ మేనమామ ఆస్తి గొడవల దగ్గరేనా అని లెక్క వేసుకుంటూ వచ్చి కూర్చున్నాను. రెండో సగంలో నేను నోరు మూసుకోవాలని నిర్ణయించుకున్నాను. తెర మీద ఊరు తగలబడుతోంది. అంతా తగలబడుతున్నా వెలుగు మాత్రం రావడం లేదు. మీసాలాయనకి ఫోనొస్తే బయటికి వెళ్ళారు. మల్లెపూల జడ తెర వైపు వంగి, కదలకుండా చూస్తోంది. అంతలో హాలు నేల అదిరేలా ఏదో పేలింది. బామ్మగారు వెనక్కి తిరిగి చెయ్యి నా మోకాలి మీద వేశారు.

"నాయనా, నాకు దడగా ఉంది. కాస్త బయటికి తీసుకెళ్ళు. పిల్లని కదపకు, చూసుకోనీ."

ఈ ఒక్క క్షణం గురించి నేను హాస్యమాడను. ఆవిడ ముఖం నాకు కనపడలేదు గానీ ఊపిరి వినిపించింది. సంబంధం సంగతి మర్చిపోయానని చెప్పలేను, కానీ కాసేపు వెనక్కి వెళ్ళింది. లేచి, పక్క సీటాయనతో "కాళ్ళు తియ్యండి సార్, తొందరగా" అని, ఆయన తీసేలోపే పాదం మీద బూటుతో పూర్తిగా ఎక్కి, నడవాలోకి దిగాను. బామ్మగారిని చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ చెబుతూ బయటికి తీసుకొచ్చి, బల్ల మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించాను. కాస్త తేరుకున్నాక, "మరి ఆ మేనమామ బతికే ఉన్నాడా?" అన్నారు. ఆవిడకేమీ కాలేదని అప్పుడు నమ్మకం కుదిరింది.

లోపల జడ తల తిప్పి చూసిందట. బామ్మ లేదు, వెనక సీట్లో కుర్రాడు లేడు. వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. మెట్ల మీద నుంచి బూట్ల చప్పుడు, ఆ వెనకే మీసాలు. సెక్యూరిటీ అతను కూడా ఏదో జరగబోతోందని దగ్గరికొచ్చాడు. మా అమ్మని ఎక్కడికి తీసుకెళ్తున్నావని ఆయన చాలా మెల్లగా అడిగారు. అరిచి ఉంటే బాగుండేది. నేను ఆయన్ని శాంతపరచాలనుకున్నాను. ఆ పూటంతా మనసులో సాధన చేసిన పిలుపు ఒకటుంది, అది నా అనుమతి లేకుండా బయటికొచ్చింది.

"కంగారు పడకండి మామయ్యగారూ."

ఆయన నా కాలరు పట్టుకున్నారు. "ఎవరికిరా మామయ్యని?" అన్నారు. బామ్మగారు బల్ల మీద నుంచి, మంచి పిల్లాడ్రా, సినిమా అంతా ఈ అబ్బాయే చెప్పాడు అంటున్నారు. అది నాకు ఏ విధంగానూ సాయపడలేదు. నా కాళ్ళు నేలకి ఆనుతున్నాయో లేదో నాకు గుర్తులేదు. గుర్తున్నది ఒకటే: ఇదంతా జరిగాక ఆ అమ్మాయి నన్ను చేసుకోదు. కొట్టబోతున్నారన్న దానికంటే అదే బాధగా ఉంది.

అప్పుడు హాలు తలుపు తెరుచుకుంది. పక్క సీటాయన కుంటుకుంటూ వచ్చారు. వెనకే ఒక అమ్మాయి. ఆయన మీసాలాయన చేతి మీద చెయ్యి వేసి, ఇద్దరి మధ్యా నిలబడ్డారు.

"ఈ అబ్బాయెవరో నాకూ తెలియదండీ" అన్నారు. (నియమం అప్పటికీ తప్పలేదాయన.) "కానీ మొదటి నుంచీ పక్కనే కూర్చున్నాను. పెద్దావిడని చూసుకున్నాడు. మీ అమ్మాయి వంక చూడనైనా లేదు."

ఆయన సినిమా అంత శ్రద్ధగా చూసి ఉంటారని నేననుకోలేదు. కాలరు వదిలింది. బామ్మగారు కొడుకుని రెండు మాటలు అని, నా తల మీద చెయ్యి పెట్టారు. మీసాలాయన నా చొక్కా సర్దారు, అది క్షమాపణ అనుకోవాలి. వాళ్ళు వెళ్ళారు. వెళ్తున్న జడ వైపు చూసి, నా సంబంధం మెట్లు దిగి వెళ్ళిపోతోందనుకున్నాను. పక్క సీటాయన వైపు తిరిగి, "చాలా థాంక్సండీ. మీరెవరో గానీ సమయానికి వచ్చారు" అన్నాను.

ఎప్పుడొచ్చిందో, అత్తయ్య నా వెనకే ఉంది. దగ్గి దగ్గి గొంతు పోయింది.

"ఎవరో గానీ ఏంట్రా" అంది. "వీళ్ళే."

నేను ఆయన పాదం వైపు చూశాను. ఆయన కూడా చూసుకున్నారు. నేను నెట్టిన మోచెయ్యి గుర్తొచ్చింది. కాళ్ళు తియ్యండి సార్ అన్నది గుర్తొచ్చింది. పెళ్ళికొడుకుగా నా గురించి ఆయనకి తెలియకూడనివన్నీ ఆయన ఒంటి మీదే ఉన్నాయి. తల ఎత్తితే అమ్మాయి. పూర్తి ముఖం. సగం ఫోటో తీసినవాడెవడో గానీ చాలా అన్యాయం చేశాడు. ఆ అమ్మాయి చాలా సీరియస్‌గా అడిగింది.

"మొదటి భాగం నేను చూశానండీ. అందులో మేనమామ లేడు. పోనీ, విలన్ కరెంటు ఎందుకు తీశాడో మీరు బామ్మగారికి చెప్పనే లేదేం?"

అప్పటిదాకా ఎన్నో సంబంధాల్లో ఎన్నో ప్రశ్నలకి జవాబులు చెప్పాను. తప్పు చెబితే నేను తట్టుకోలేనిది ఇదొక్కటే.

"అది మూడో భాగంలో చెప్తారనుకుంటానండీ" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. పెదవులు బిగబట్టి పక్కకి తిరిగింది. వాళ్ళ నాన్నగారు ఒక చేత్తో కూతుర్ని, ఒక చేత్తో మెట్ల కమ్మీని పట్టుకుని, నెమ్మదిగా కిందికి దిగిపోయారు. "అరె, మీరా" అని ఎవరూ అనలేదు. ఇంటికొచ్చే దారంతా అత్తయ్య ఆటోలో మౌనంగా ఉంది. గొంతు పోవడం వల్లేనని నన్ను నేను ఓదార్చుకున్నాను. ఆ తర్వాతి రోజుల్లో అత్తయ్య ఫోన్ మోగినప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపేసేవాణ్ణి. ఒక సాయంత్రం ఆవిడ ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి వెళ్తూ వెళ్తూ, మంగళగిరి వాళ్ళు సరే అన్నారని, ఎందుకన్నారో తనకి అంతు పట్టడం లేదని చెప్పింది.

మామయ్యగారు (ఈసారి సరైనవారు) ఇప్పటికీ ప్రతి శుభకార్యంలోనూ ఆ కథ చెబుతారు. ముక్కూ మొహం తెలియని ముసలావిడ కోసం సినిమా వదులుకున్నాడని, బంధువులా అని అడిగితే ఎవరో తెలియదన్నాడని, అలాంటి పిల్లాడు ఎక్కడ దొరుకుతాడని అంటారు. నేను పక్కన తల వంచుకుని నిలబడతాను. అది వినయమని వాళ్ళు సరిపెట్టుకుంటారు. మా ఆవిడకి మాత్రం నిజం ఆ రోజే తెలుసు. నీళ్ళ సీసా మూత తీసిచ్చినప్పుడే కనిపెట్టిందట. ఊరికే ఎవరూ అంత భక్తిగా మూత తియ్యరట. వాళ్ళ నాన్నగారికి చెప్పలేదేమని అడిగితే, నవ్వుకోవడానికి నాకొక్కదానికే ఏదో ఒకటి ఉండాలి కదా అంటుంది. మరి అంతా తెలిసి ఎలా ఒప్పుకున్నావని ఒకసారి అడిగాను.

"బామ్మగారి చెయ్యి పట్టుకుని లేచినప్పుడు మీరు మా వైపు చూడలేదు, జడ వైపు కూడా చూడలేదు. ఆ అబ్బాయికి ఒప్పుకున్నాను" అంది. కాస్త ఆగి, "అప్పట్నుంచీ ఆ అబ్బాయి కోసమే చూస్తున్నాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేనూ చూస్తున్నాను. ఒక్కోసారి కనిపిస్తాడు. వెన్ను నిటారుగా, ఫోన్ ఆపేసి, తన వాళ్ళు కాని వాళ్ళని తన వాళ్ళే అనుకుని, చీకట్లో ముందుకి వంగి కూర్చుని ఉంటాడు. వాళ్ళు వీళ్ళు కాదురా అని ఒక్క మాట చెవిలో వెయ్యాలనిపిస్తుంది. ఎందుకులే, కాసేపు అలాగే ఉండనీ అని ఊరుకుంటాను.